ముందు కీళ్లు, ఆ తరువాతే పంపు: ఒక మస్టాంగ్ కన్వర్టబుల్ టాపు కేస్ స్టడీ

ఈ కేసులోని కారు 2002 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కన్వర్టబుల్, అంటే టాపు (పైకప్పు) మడిచి తెరవగలిగే కారు. 4.6 లీటర్ల వీ8 ఇంజిను, నల్ల రెక్సిన్ టాపు, మంచు కరిగించే తీగలు పొదిగిన వెనుక అద్దం. టెక్సస్ రాష్ట్రంలో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారులో, ఇంటి ముందున్న ఓక్ చెట్టు కింద, ఎండకూ వానకూ ఆరుబయటే ఉంటుంది. యజమాని తెలుగువారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఈ కారును వారాంతాల్లో మాత్రమే బయటికి తీస్తారు. టాపు దించేటప్పుడు ఇబ్బంది లేదని, లేపేటప్పుడు మాత్రం సగం దూరం వచ్చాక ఎడమవైపు వెనుకబడి ఆగిపోతోందని, ఒకరు పక్కన నిలబడి చేత్తో ఎత్తితే తప్ప ముందు అద్దం దాకా రావడం లేదని ఆయన ఫిర్యాదు. అంతకుముందు చూపించిన చోట పంపు పోయిందని, పంపుతో పాటు సిలిండర్లు, గొట్టాలు అన్నీ కలిపి సెట్టుగా మార్చాలని చెప్పారట. "పంపు పోయిందన్నారండీ, మార్చేస్తే మళ్లీ ఈ బాధ ఉండదు కదా?" అన్నది ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న.

దానికి వెంటనే ఔననో కాదనో చెప్పలేదు. టాపు కదలనప్పుడు అందరి చూపూ మొదట పంపు మీదికే పోతుంది, ఎందుకంటే శబ్దం చేసేది అదే. కానీ పంపు చేయగలిగింది తోయడం మాత్రమే. తోస్తే కదలవలసిన ఇనుప ఫ్రేము ఎంత తేలికగా ఉందో, ఎక్కడ పట్టేస్తోందో తేల్చుకోకుండా తోసేదాన్ని మారిస్తే, కొత్త పంపు తన బలంతో కొన్నాళ్లు ఆ ఘర్షణను గెలుస్తుంది. ఆ తరువాత వంగిన లింకో, సాగిపోయిన రంధ్రమో, చిరిగిన రెక్సినో బయటపడుతుంది. నా దగ్గరికి వచ్చిన టాపుల్లో ఈ క్రమం ఎన్నోసార్లు చూశాను కాబట్టి, పంపును ఆఖరున పరీక్షించడం నాకు నియమమైపోయింది.

ఈ టాపు ఎలా పనిచేస్తుంది

ఈ తరం మస్టాంగ్‌లో వెనుక సీటు వీపు భాగానికి వెనకాల ఒక ఎలక్ట్రిక్ మోటారు, దానికి జతచేసిన హైడ్రాలిక్ పంపు, ఆయిల్ నిలవ ఉండే చిన్న తొట్టి ఒకే ముక్కగా ఉంటాయి. మోటారు రెండు దిశల్లోనూ తిరుగుతుంది. ఒక దిశలో తిరిగితే ఆయిల్ రెండు సిలిండర్ల అడుగు భాగానికి వెళ్లి రాడ్లను బయటికి నెట్టి టాపును లేపుతుంది. రెండో దిశలో తిరిగితే పైభాగానికి వెళ్లి రాడ్లను లోపలికి లాగి టాపును మడుస్తుంది. కారుకు కుడివైపు ఒక సిలిండరు, ఎడమవైపు ఒక సిలిండరు ఉంటాయి. ముందు అద్దం పైపట్టీకి బిగించే రెండు కొక్కేలను మనమే చేత్తో వేయాలి, తీయాలి. మధ్యలో కంప్యూటరు లేదు, స్థానం చెప్పే సెన్సర్లూ లేవు. స్విచ్చి మీద వేలు ఉన్నంతసేపు మోటారు తిరుగుతుంది, అంతే.

ఇందులో గమనించవలసింది, రెండు సిలిండర్లకూ ఒకే పంపు నుంచి, చీలిన గొట్టాల ద్వారా ఆయిల్ అందుతుంది. ఆయిల్ ఎప్పుడూ తక్కువ అడ్డు ఉన్న వైపే ముందుగా పోతుంది కాబట్టి, రెండు వైపులా కీళ్లు ఒకేలా తేలికగా కదులుతున్నంత కాలం రాడ్లు జోడుగా నడుస్తాయి. ఒక వైపు కీలు పట్టేసిందంటే రెండో వైపు రాడ్డు ముందు దూసుకుపోతుంది, వెనుకబడిన వైపును టాపులోని అడ్డ కమానుల ద్వారా ఈడ్చుకుపోవడానికి చూస్తుంది, ఫ్రేము మెలితిరుగుతుంది. పంపే బలహీనమైతే రెండు వైపులా సమానంగా నెమ్మదించాలి. ఒక వైపే వెనుకబడుతోందంటే లోపం ఆ వైపు కీళ్లలోనో, ఆ సిలిండరులోనో, దానికి వెళ్లే గొట్టంలోనో వెతకాలి. యజమాని చెప్పిన లక్షణంలోనే సగం రోగనిర్ధారణ ఉంది.

పరీక్ష

వెనుక సీటు అడుగు భాగాన్ని, వీపు భాగాన్ని, రెండు పక్కల ప్లాస్టిక్ ప్యానెళ్లను తీసి, ఇంజిను ఆపి, తాళం చెవి బయటికి తీసి, ఆ తరువాతే ఫ్రేము మధ్య చేతులు పెట్టాం. మడుచుకునే టాపు ఫ్రేము కత్తెర పద్ధతిలో పనిచేస్తుంది. దాని లింకుల మధ్య వేలు ఉండగా ఎవరైనా పొరపాటున స్విచ్చి నొక్కితే ఆ వేలు దక్కదు. నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఈ మాటే.

రెండు సిలిండర్ల రాడ్ల చివర ఉన్న పిన్నులు తీసేసి, ఫ్రేమును హైడ్రాలిక్స్ నుంచి పూర్తిగా విడదీశాం. ఇక ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు నిలబడి టాపును చేతులతోనే మెల్లగా లేపి, దించి చూశాం. ఆరోగ్యంగా ఉన్న ఫ్రేము బరువుగా అనిపించవచ్చు గానీ ఎక్కడా గట్టిగా పట్టుకోకూడదు. ఇక్కడ కుడివైపు సాఫీగానే వచ్చింది. ఎడమవైపు మాత్రం సగం దాటే చోట గట్టిగా ఆగింది, ఇంకొంచెం ఎత్తితే కిర్రుమంటూ ఒక్కసారిగా జారింది. యజమానిని పిలిచి ఎడమవైపు పట్టీ ఆయన చేతికిచ్చి లేపమన్నాను. పంపుతో సంబంధమే లేని స్థితిలో కూడా టాపు అదే చోట ఆగడం ఆయనకు చేతికే తెలిసింది.

ఆ ఎడమవైపు ప్రధాన కీలును టార్చి వేసి దగ్గరగా చూశాం. ఫ్రేము బరువంతా మోసే పెద్ద బోల్టు తల చుట్టూ గోధుమరంగు వలయం ఒకటి గట్టిపడి ఉంది. సన్నటి పుల్లతో గీకితే పైపొర పెచ్చులా ఊడింది, దాని కింద చింతపండు గుజ్జులాంటి జిగురు బయటికి వచ్చింది. అందులో ఓక్ చెట్టు పూత రాల్చే సన్నటి తీగల ముక్కలు, పసుపు పుప్పొడి, రెక్సిన్ అంచు నుంచి తెగిన దారాలు, ఇసుక కలిసి ఉన్నాయి. లింకుల మధ్య ఉండవలసిన నైలాన్ వాషర్ ఒక అంచున నలిగి, అరిగి ఉంది. కుడివైపు అదే కీలులోనూ మురికి ఉంది గానీ ఇంత గట్టిపడలేదు. కారు నిలబడే తీరు చూస్తే చెట్టు కొమ్మలు ఎడమవైపే ఎక్కువగా వాలి ఉంటాయి, దానికీ దీనికీ సంబంధం ఉందనే నా అభిప్రాయం.

అయితే దుమ్ము తనంతట తాను జిగురు కాదు. కీలు కిర్రుమన్నప్పుడల్లా తుప్పు వదిలించే పెట్రోలియం స్ప్రేను టాపు అంతా కొట్టడం పాత యజమాని అలవాటని, ఆ అలవాటునే తానూ కొనసాగించానని ఈయన చెప్పారు. ఆ రకం స్ప్రేలో ఎక్కువ భాగం ద్రావకమే. కొట్టగానే అది కీలు లోపల ఉన్న పాత గ్రీజును కరిగించి బయటికి తోడేస్తుంది, ఆ కాసేపటికి శబ్దం ఆగిపోతుంది, మనిషికి పని జరిగినట్టు అనిపిస్తుంది. ద్రావకం ఆవిరయ్యాక మిగిలేది పలచటి, తడి తడి నూనె పొర మాత్రమే. బరువు మోసే కీలుకు ఆ పొర చాలదు, కానీ గాలిలో తేలే దుమ్మును పట్టి ఉంచడానికి మాత్రం సరిపోతుంది. డాలస్ వేసవిలో 38 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండలో నిలిచిన నల్లటి టాపు కింద ఆ పొర ఇంకా ఎండి, మరుసటిసారి కొట్టిన స్ప్రేతో మళ్లీ నాని, ఏళ్ల తరబడి పొర మీద పొరగా పేరుకుంది.

ఇప్పుడు హైడ్రాలిక్స్ వైపు. ఫ్రేముకు తగిలించకుండానే, రాడ్లు ప్యానెళ్లకు తగలకుండా చూసుకుని స్విచ్చి నొక్కితే రెండు రాడ్లూ ఇంచుమించు సమానంగా బయటికి వచ్చాయి, లోపలికి పోయాయి. బరువు లేకుండా రాడ్డు కదలడం పంపు ఆరోగ్యానికి పూర్తి సాక్ష్యం కాదు, అందుకే చివరిదాకా వచ్చాక మరో క్షణం స్విచ్చి పట్టి చూశాం. మోటారు శబ్దం బరువెక్కి నిలకడగా ఉంది, రాడ్లు చేత్తో తోస్తే లొంగలేదు. లోపల ఒత్తిడి పుడుతోందనడానికి అది తగిన సూచన. ఎడమ సిలిండరులో రాడ్డు బయటికి వచ్చే మెడ దగ్గర మాత్రం సన్నటి ఎర్రటి చెమ్మ, దానికి అంటుకున్న దుమ్ము కనిపించాయి. చుక్కలుగా కారడం లేదు. తొట్టిలో ఆయిల్ మట్టం కాస్త తగ్గింది, రంగు ముదిరింది.

కరెంటు సంగతీ చూడాలి. ఈ మోటారు పనిచేసేటప్పుడు బ్యాటరీ నుంచి చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, తీగల కలయికల్లో కొద్దిపాటి తుప్పు ఉన్నా వోల్టేజి అక్కడే ఖర్చైపోతుంది. బ్యాటరీ దగ్గర సరిగ్గానే ఉన్న వోల్టేజి, మోటారు తిరుగుతున్నప్పుడు దాని తీగల దగ్గర 10 వోల్టుల కిందికి పడిపోతోంది. మోటారు ఎర్త్ తీగను బాడీకి బిగించిన చోట తెల్లటి బూజులాంటి తుప్పు ఉంది. దాన్ని విప్పి, ఇసుక కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించాక వోల్టేజి 11కు పైన నిలిచింది. పని చిన్నదే అయినా పంపు "బలహీనంగా" వినిపించడానికి అదీ ఒక కారణం.

శుభ్రం చేయడం, ఆ తరువాత కందెన

కందెన వేయడం అంటే డబ్బా తెచ్చి పోయడం అనుకుంటారు చాలామంది. నా లెక్కలో పనిలో ముప్పాతిక భాగం శుభ్రం చేయడమే. మురికి మీద వేసిన మంచి ఆయిల్ ఆ మురికిని కీలు లోపలికి మోసుకుపోయి, ఇసుకను పాలిష్ పేస్టుగా మారుస్తుంది, లోహాన్ని మరింత అరగదీస్తుంది. అందుకని సీట్లనూ లోపలి తివాచీనీ పాత దుప్పట్లతో కప్పి, రెక్సిన్ అంచులకు ప్లాస్టిక్ కాగితం అడ్డం పెట్టి, పెయింటు పలచన చేసే మినరల్ స్పిరిట్‌లో చిన్న బ్రష్ ముంచి, ఒక్కో కీలు లోహానికి మాత్రమే తగిలేలా రుద్దాం. కాసేపు నాననిచ్చి, పుల్లతో, నూలు గుడ్డ కొసతో జిగురు తీసి, ఫ్రేమును చేత్తో కొద్దిగా కదిపి, లోపలి నుంచి మళ్లీ బయటికి వచ్చిన మురికిని తుడిచాం. ఎడమ ప్రధాన కీలు దగ్గర గుడ్డ మీద నల్లటి మరక రావడం ఆగేదాకా ఇదే పని. బోల్టు విప్పి నలిగిన నైలాన్ వాషర్‌ను మార్చాం. బోల్టు మెడ మీద గీతలు ఉన్నాయి గానీ లోతుగా లేవు, దాన్ని అలాగే ఉంచాం. ద్రావకం పూర్తిగా ఆరనిచ్చాకే కందెన డబ్బాలు బయటికి తీశాం.

ఒక టాపులో లోహం లోహం మీద తిరిగే చోట్లు ఉంటాయి, లోహం నైలాన్ మీద జారే చోట్లు ఉంటాయి, రబ్బరు లోహానికి, అద్దానికి ఒత్తుకునే చోట్లు ఉంటాయి. వీటన్నిటికీ ఒకే డబ్బా అన్న ఆలోచన వదులుకుంటే తప్ప ఈ పని బాగుపడదు. బరువు మోసే ప్రధాన కీళ్లకూ రాడ్డు చివరి పిన్నులకూ సూదిమొన ఉన్న డబ్బాతో సింథటిక్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు వేసి, ఫ్రేమును కొన్నిసార్లు కదిపి, బయటికి పొంగిన దాన్నంతా తుడిచేశాం. కీలు బయట ఆయిల్ మెరుస్తూ కనిపిస్తోందంటే అది ఎక్కువైందనే అర్థం, ఎందుకంటే బయట ఉన్న ఆయిల్ తిరగడానికి పనికిరాదు, దుమ్ము పట్టడానికే పనికొస్తుంది. పక్క పట్టీల మధ్య ఉండే చిన్న కీళ్లకు, నైలాన్ వాషర్లున్న లింకులకు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) కలిసిన పొడి కందెన వాడాను. అది వేసిన కాసేపటికి ద్రావకం ఆరిపోయి తెల్లటి సన్నటి పొర మాత్రం మిగులుతుంది, చేతికి అంటదు, పుప్పొడిని పట్టుకోదు. చెట్టు కింద నిలిచే కారుకు ఇది చాలా మేలు. ముందు అద్దం పైపట్టీకి తగిలే రెండు కొక్కేలు తక్కువ దూరం, ఎక్కువ బలంతో జారుతాయి, అక్కడ ఆయిల్ నిలవదు. కాబట్టి తెల్ల లిథియం గ్రీజు వేలి కొసతో పలచగా రాశాం.

రబ్బరు బీడింగ్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. కారు తలుపులకూ టాపుకూ వాడే బీడింగ్ చాలావరకు ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండను, ఓజోన్‌ను, వాననీటిని అది బాగా తట్టుకుంటుంది, పెట్రోలియం నూనెలను మాత్రం తట్టుకోదు. నూనె తగిలితే దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆకారం తప్పుతుంది. ఈ కారులో ముందు పైపట్టీ బీడింగ్ రెండు మూలల్లోనూ ఉబ్బి అలలు తిరిగి ఉంది, వేలితో నొక్కితే జిగురుగా తగిలింది. కొక్కేలు వేయడానికి రెండు చేతులూ ఆనించి లాగవలసి రావడానికి కారణం అదే. టాపు బిగుసుకుపోయి కురచయిందని యజమాని అనుకుంటున్నారు, నిజానికి అడ్డుపడుతున్నది ఈ ఉబ్బిన రబ్బరు. అది తిరిగి మామూలు ఆకారానికి రాదు కాబట్టి ఆ ఒక్క బీడింగ్‌ను కొత్తది వేశాం. పక్క అద్దాల మీద ఒత్తుకునే బీడింగ్ ముక్కలు బాగానే ఉన్నాయి. వాటిని తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సిలికాన్ గ్రీజును వేళ్లతో మర్దన చేసినట్టు పలచగా పట్టించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు పొడిగుడ్డతో మిగులు తుడిచాం. సిలికాన్ గ్రీజు ఈ రబ్బరును ఉబ్బించదు, చలికాలంలో రబ్బరు అద్దానికి అతుక్కుని చిరగకుండా కూడా కాపాడుతుంది. స్ప్రే రూపంలో ఉన్న సిలికాన్ అయితే గుడ్డ మీద కొట్టుకుని రాయాలి. నేరుగా కొడితే తుంపరలు ముందు అద్దం మీద పడి, వానలో వైపర్ తిరిగినప్పుడు చూపుకు అడ్డంగా మసక కమ్ముతుంది. పెయింటు మీద పడితే రేపెప్పుడైనా ఆ భాగానికి రంగు వేయవలసి వచ్చినప్పుడు కొత్త రంగు అక్కడ నిలవదు.

కందెన తగలకూడని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని తెలుసుకోవడం ఎక్కడ వేయాలో తెలుసుకోవడమంత ముఖ్యం. సిలిండరు రాడ్డుకు గ్రీజు రాయకూడదు. దాని మెరిసే ఉపరితలానికి అంటుకున్న గ్రీజు దుమ్మును పట్టుకుంటుంది, రాడ్డు లోపలికి పోయిన ప్రతిసారీ ఆ దుమ్ము, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు అంచును గీస్తుంది. మెత్తటి శుభ్రమైన గుడ్డతో తుడిస్తే చాలు. రెక్సిన్ అంచుల లోపలి నుంచి పోయే బిగువు తీగలకు, కమానులను పట్టి ఉంచే సాగుడు పట్టీలకు, కుట్లకు ఏ నూనే తగలనివ్వకూడదు. ఆ తీగల చుట్టూ ఉన్న గుడ్డ తొడుగు నూనె పీల్చి, ఆ మరక బయటి రెక్సిన్ దాకా పాకుతుంది. మస్టాంగ్ యజమానులు కొందరు వెనుక అద్దం అంచున రెక్సిన్ అతికిన చోట కూడా మెరుపు కోసం ఏదో ఒకటి రాస్తుంటారు. ఆ అతుకును కాపాడేది దాని జోలికి పోకపోవడమే.

ఆయిల్

సీలు చెమ్మ ఉంది కాబట్టి, ఆయిల్ రంగు కూడా ముదిరింది కాబట్టి, తొట్టిలోని పాత ఆయిల్‌ను సిరంజితో తోడేసి, కారు మాన్యువల్ చెప్పిన మెర్కాన్ తరగతి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేరుపెట్టెలో వాడే ఆయిల్, కొత్తది పోశాం. ఏ కారుకు ఏ ఆయిల్ అన్నది మాన్యువల్ చూసే తేల్చుకోవాలి, పక్కింటి కారు చూసి కాదు. అమెరికాలో పవర్ టాపుల చరిత్ర 1939 ప్లిమత్ కన్వర్టబుల్‌లో ఇంజిను శూన్యపీడనంతో మొదలై, తరువాతి కాలంలో హైడ్రాలిక్స్ వైపు మళ్లింది. ఆ తొలినాళ్ల హైడ్రాలిక్ టాపుల్లో చాలావాటిలో బ్రేక్ ఫ్లూయిడ్ పోసేవారు. పాత కార్ల పరిచయం ఉన్న పెద్దలు కొందరు ఆ అలవాటుతో ఇప్పటి కార్లకూ బ్రేక్ ఫ్లూయిడ్ సూచించడం నేను విన్నాను. అది పెయింటును తినేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏటీఎఫ్‌కు తగిన సీళ్లున్న సిలిండరులో దాన్ని పోసినా, బ్రేక్ ఫ్లూయిడ్‌కు తగిన సీళ్లున్న దానిలో ఏటీఎఫ్ పోసినా సీళ్లు చెడతాయి. యూరప్ కార్లలో చాలావాటికి వాటికే ప్రత్యేకమైన హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది.

మట్టం చూసేటప్పుడు టాపు ఏ స్థితిలో ఉండాలన్నది కూడా మాన్యువల్ చెబుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. టాపు లేచి ఉన్నప్పుడు రాడ్లు బయటే ఉంటాయి, వాటి స్థానాన్ని సిలిండరులో ఆయిల్ నింపుతుంది, కాబట్టి తొట్టిలో మట్టం తగ్గుతుంది. టాపు దిగినప్పుడు రాడ్లు లోపలికి వచ్చి అంత ఆయిల్‌ను తిరిగి తొట్టిలోకి నెడతాయి. లేచి ఉన్నప్పుడు చూసి అంచుదాకా నింపేస్తే, దించగానే పొంగి వెనుక సీటు కిందికి కారుతుంది. కొత్త ఆయిల్ పోశాక పిన్నులు తిరిగి తగిలించి, ఇంజిను నడుపుతూ, మధ్యమధ్య మోటారును చల్లారనిస్తూ టాపును పూర్తిగా లేపి దించుతూ ఉంటే, గొట్టాల్లో చిక్కిన గాలి తొట్టిలోకి వచ్చి బయటికి పోతుంది. గాలి ఉన్నంతసేపు టాపు కుదుపులతో కదులుతుంది, పంపు గరగరమంటుంది. ఆ శబ్దం సాఫీగా మారాక మట్టం మళ్లీ సరిచూసి బిరడా బిగించాం.

నీరు పోయే దారి

టాపు మడిచి పడుకునే గుంత అడుగున, వాననీటిని పట్టే పట్టీ నుంచి రెండు మూలల్లోనూ గొట్టాలు కిందికి దిగుతాయి. ఎడమ గొట్టం ఆకుల పొడితో పూర్తిగా మూసుకుపోయి ఉంది. నీళ్లు పోసి చూస్తే నిలిచిపోయాయి. ఎర్త్ తీగ తుప్పు పట్టడానికి కారణం ఈ నిలవనీరే అయి ఉండాలి. గడ్డి కోసే యంత్రంలో వాడే మెత్తటి నైలాన్ తీగను మెల్లగా దూర్చి కదిపితే అడ్డు ఊడిపోయింది. కంప్రెసర్ గాలి కొట్టే ప్రలోభం అందరికీ ఉంటుంది గానీ, అతుకుల దగ్గర గొట్టం ఊడితే నీరు కారు లోపలికే పోతుంది, అది బయటికి తెలిసేసరికి తివాచీ కుళ్లుతుంది.

ఫలితం

పని అంతా అయ్యాక ఇంజిను నడుపుతూ స్విచ్చి నొక్కితే టాపు ఆగకుండా ఒకే ఊపున లేచింది, రెండు పక్కల పట్టీలూ ముందు అద్దం పైపట్టీని ఇంచుమించు ఒకేసారి తాకాయి. కొక్కేలు ఒక చేత్తో పడ్డాయి. పంపు మార్చలేదు, సిలిండర్లు మార్చలేదు. కొత్తగా పడినవి నైలాన్ వాషర్, ముందు బీడింగ్, ఆయిల్, కొద్దిగా కందెన, మిగతాదంతా చేతిపని.

యజమానికి చెప్పిన జాగ్రత్తలు ఆయన వాడకాన్ని బట్టి చెప్పినవి. ఓక్ పూత రాలడం అయ్యాక వసంతం చివరలో ఒకసారి, చలికి ముందు ఒకసారి కీళ్లు తుడిచి పొడి కందెన వేయడం, బీడింగ్‌కు సిలికాన్ పట్టించడం, గొట్టాల్లో నీళ్లు పోసి చూడడం సరిపోతాయి. తడిసిన టాపును మడవకూడదు, ఎంత తొందరున్నా ఆరాకే దించాలి, లేకపోతే మడతల్లో బూజు పడుతుంది. గడ్డకట్టే చలిలో రెక్సిన్ బిరుసెక్కి ఉంటుంది కాబట్టి, ఆ రోజుల్లో టాపును కదపకుండా ఉండడమే మంచిది. నెలల తరబడి దించకుండా వదిలేయడమూ మంచిది కాదు. అప్పుడప్పుడు కదిలితేనే సీళ్లకు ఆయిల్ తడి అందుతుంది.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో బీఎండబ్ల్యూ జెడ్4 లాంటి కారు ఉన్న పాఠకులకు ఈ పద్ధతి యథాతథంగా వర్తించదు. ఇటీవలి తరం జెడ్4 గుడ్డ టాపు దాదాపు 10 సెకన్లలో, కారు గంటకు 50 కిలోమీటర్ల లోపు వేగంతో నడుస్తుండగానే తెరుచుకుంటుంది. అంటే దాని వెనుక స్థానం చూసే సెన్సర్లు, వాటి మాట విని అడుగు అడుగునా నిర్ణయించే కంట్రోల్ యూనిట్ ఉంటాయి. అక్కడ ఫ్రేమును విడదీసి చేత్తో లేపడం లోపాల కోడ్లు చదివే స్కానర్, తయారీదారు చెప్పిన పద్ధతి లేకుండా చేయకూడదు. కానీ కీలు పట్టేస్తే లేదా గుంతలో ఆకు అడ్డుపడితే కంట్రోల్ యూనిట్ ఆపేస్తుంది, అప్పుడు తెర మీద కనిపించే లోపం సెన్సరు పేరుతో రావచ్చు. సెన్సరు మార్చే ముందు కీళ్లు, బీడింగ్, నీటి గొట్టాలు చూడమని మాత్రం నిస్సంకోచంగా చెబుతాను. విశాఖ ఉప్పుగాలిలో ఎర్త్ కలయికలనూ ఇనుప కీళ్లనూ ఇంకా దగ్గరగా చూడాలి.

ఈ కారులో మిగిలిపోయింది ఎడమ సిలిండరు చెమ్మ. కీళ్లు పట్టేసిన కాలంలో ఆ సీలు అవసరానికి మించిన ఒత్తిడిని మోసింది, ఇప్పుడు భారం తగ్గింది కాబట్టి అది అలాగే ఆగిపోవచ్చు, పెరగనూ వచ్చు. రాడ్డు మెడను శుభ్రంగా తుడిచి, దాని కింద తెల్ల కాగితం ముక్కను టేపుతో అంటించి, పక్క ప్యానెల్‌ను తేలిగ్గా ఊడేలా బిగించాం. కాగితం మీద ఎర్రటి మరక పాకుతూ ఉంటే రెండు సిలిండర్లనూ ఒకేసారి మార్చాలని యజమానితో మాట్లాడుకున్నాం, ఎందుకంటే ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది ఉంటే రెండిటి కదలికలో మళ్లీ తేడా వచ్చి, ఫ్రేము మెలితిరగడం మొదటికొస్తుంది.